తొట్టి వెనక దీపం

మా ట్రాక్టరుకు ముందు రెండు దీపాలున్నాయి. వెనక తగిలించే తొట్టికి ఒక్కటీ లేదు. కొన్న రోజు నుంచీ లేదు. 2011 ఫిబ్రవరిలో ఒక రాత్రి దాకా ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ లోటుగా తోచలేదు.

మాది నెల్లూరు జిల్లా పడమటి కొస, మర్రిపాడు మండలం. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలుకు పోయే రోడ్డు (ఇప్పుడు ఎన్‌హెచ్ 67 అంటున్నారు) మా ఊళ్లను ఒరుసుకుంటూ పోయి, వెలిగొండలు దాటి కడప జిల్లాలో దిగుతుంది. సోమశిల జలాశయం కూతవేటు దూరంలోనే ఉన్నా మా చేలు ఎక్కువగా వానను నమ్ముకున్నవే. కాస్త డబ్బు కళ్లజూపే పంట పొగాకు. బ్యారన్‌లో ఆకు కాల్చాలంటే కట్టెలు కావాలి, కట్టెలు తేవాలంటే తొట్టి కావాలి. కాల్చిన ఆకును బేళ్లు కట్టి డీసీపల్లి వేలం కేంద్రానికి తోలాలన్నా తొట్టే. ఆకు కోయడానికి కూలికి వచ్చే ఆడవాళ్లను చేను దాకా తీసుకెళ్లేదీ అదే. ట్రాక్టరు లేకపోతే ఒక పూట నడుస్తుందేమో గానీ తొట్టి లేకపోతే నడవదు.

ఆ రాత్రి కట్టెల లోడుతో వస్తుంటే తొట్టి టైరు పగిలింది. మా నాయన తొట్టిని రోడ్డు వారకు చేర్చి, చక్రం ఊడదీసి, ట్రాక్టరు మీద వేసుకొని పంక్చరు వేయించడానికి పోయాడు. పోయేముందు అందరూ చేసే పనే చేశాడు. తొట్టి వెనక నాలుగు రాళ్లు పేర్చి, ఒక వేపకొమ్మ విరిచి రాళ్ల మధ్య గుచ్చాడు. ఆయన తిరిగొచ్చేలోపు మోటారు సైకిలు మీద ఒకతను వచ్చాడు. రాళ్లను చివరి నిమిషంలో తప్పించాడు, తొట్టిని తప్పించలేకపోయాడు. ప్రాణం దక్కింది. కుడి మోకాలు మాత్రం మళ్లీ మామూలుగా వంగలేదు.

"రాళ్లు పెట్టినాను గదా. కొమ్మ పెట్టినాను గదా. వచ్చేవాడు చూసుకోవాల గదా." నాయన ఆ నెలంతా ఇదే మాట అన్నాడు. అడిగినవాళ్లకీ అన్నాడు, అడగనివాళ్లకీ అన్నాడు. ఊళ్లో అందరూ తలూపారు. నేనూ ఊపాను. అతని వైద్యానికి మా చేతనైనంత ఇచ్చాం. తర్వాత ఆ సంగతి ఇంట్లో ఎత్తడం మానేశాం.

మొన్న సంక్రాంతికి పోయినప్పుడు, ఈ తొట్టికి దీపాలు పెట్టిద్దామని నేనే అన్నాను. నాయన కాదనలేదు, అవుననలేదు, బండి తాళాలు తీశాడు. ఆత్మకూరులో సామాన్ల అంగడి కుర్రాడు మమ్మల్ని ఎగాదిగా చూసి, "దీపాలెందుకు పెద్దాయనా, రేడియం అంటిచ్చుకుంటే పోలా? కరెంటు లేదు, వైరు లేదు" అన్నాడు.

రేడియం. ఆ మాట విని వెంటనే ఏమీ అనలేకపోయాను. మన ఊళ్లలో ఏ సెంటరులో చూసినా 'ఇచ్చట రేడియం స్టిక్కరింగు చేయబడును' అనే బోర్డు ఉంటుంది. లారీ వెనక దేవుడి పేరు, ఆటో వెనక హీరో బొమ్మ, తొట్టి వెనక ఎర్ర పట్టీ, అన్నీ రేడియమే. అందులో రేడియం అణువంతైనా ఉండదు. మరి ఆ పేరు ఎక్కడిది?

రేడియాన్ని మేరీ క్యూరీ, పియర్ క్యూరీ దంపతులు 1898లో కనిపెట్టారు. దాన్ని ఒక రకం జింకు ఉప్పుతో కలిపితే చీకట్లో దానంతటదే వెలుగుతూ ఉండే రంగు తయారవుతుంది. ఆ రంగును గడియారాల ముళ్లకీ అంకెలకీ పూశారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలోనూ ఇతర చోట్లా ఈ పని చేసింది ఎక్కువగా పడుచు పిల్లలు. కుంచె మొన సన్నగా రావడానికి దాన్ని పెదాల మధ్య పెట్టి తడుపుకొమ్మని వాళ్లకు నేర్పారు. కొన్నేళ్లకు దవడ ఎముకలు కుళ్లి ఒకరి తర్వాత ఒకరు చనిపోవడం మొదలైంది. ఐదుగురు వేసిన దావా 1928లో రాజీతో ముగిసింది. చరిత్రలో వాళ్లను 'రేడియం గర్ల్స్' అంటారు. ఆ రంగు పూసిన గడియారాలు ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు అమ్ముడుపోయాయి. చీకట్లో మెరిసే ముళ్లను మన పెద్దవాళ్లు రేడియం ముళ్లు అనేవాళ్లు. రంగు మారింది, పదార్థం మారింది, పేరు మాత్రం మిగిలింది. చీకట్లో మెరిసే ప్రతిదానికీ ఆ పేరు అంటుకుంది.

ఇది భాషలో మామూలుగా జరిగేదే. వనస్పతి ఏదైనా డాల్డా అయినట్టే. కానీ ఇక్కడ ఆ పేరు ఒక అబద్ధం కూడా చెబుతోంది. నిజమైన రేడియం రంగు దానంతటది వెలుగుతుంది. స్టిక్కరు వెలగదు. దాని మీద పడిన వెలుగును, పడిన దిక్కుకే తిప్పి పంపుతుంది, అంతే. 1930లలో అమెరికాలో 3ఎం కంపెనీ ఇలాంటి పట్టీలు చేయడం మొదలుపెట్టింది. కంటికి ఆనని సన్నటి గాజు పూసలను పొరగా పరిచి, వాటి వెనక అద్దంలాంటి పూత పెట్టారు. అదే కాలంలో, 1934లో, ఇంగ్లండులో పెర్సీ షా అనే రోడ్డు మేస్త్రి పిల్లి కళ్ల పోలికతో గాజు బిళ్లలు చేసి రోడ్డు మధ్యలో పాతే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. హైవే మీద రాత్రిపూట వరసగా మెరిసేవి వాటి మనవలే.

అంటే వెనకవాడి హెడ్‌లైటు బాగుంటేనే మన రేడియం బాగుంటుంది. అతని దీపం మసక అయితే మన పట్టీ కూడా మసకే. ఎదురుగా వచ్చే లారీ వెలుగుకు అతని కళ్లు చెదిరితే మన పట్టీ లేనట్టే. పైగా తొట్టి వెనక భాగం ఎప్పుడూ దుమ్ములోనే ఉంటుంది. చెరువుమట్టి తోలిన మర్నాడు ఆ పట్టీ మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. పట్టీ వద్దని కాదు. అది ఉండాల్సిందే. బల్బు ఎప్పుడైనా మాడుతుంది, పట్టీ మాడదు. కానీ దీపం బదులు పట్టీ అనడం, అన్నం బదులు ఊరగాయ అన్నట్టు.

2011లో ఆ మోటారు సైకిలు హెడ్‌లైటు ఎంత మసకగా ఉందో నాకు గుర్తుంది. పట్టీ ఉన్నా బహుశా కనబడేది కాదు. ఆ మాట నాయనకు చెప్పలేదు. చెబితే తప్పు అతని దీపం మీదికి జరుగుతుంది, అది నాకు ఇష్టం లేదు.

'వచ్చేవాడు చూసుకోవాల' అన్న మాట మా నాయనది ఒక్కడిదే కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో సైకిళ్లకు వెనక ఎర్రదీపం తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, అక్కడి సైకిలు యాత్రికుల సంఘమే గట్టిగా వ్యతిరేకించింది. వాళ్ల వాదన సూటిగా ఉండేది. ముందు పోతున్నవాణ్ని గుద్దకుండా చూసుకోవడం వెనకవాడి బాధ్యత, మాకు దీపం పెడితే ఆ బాధ్యత మా నెత్తికి వస్తుంది, రేపు దీపం ఆరిపోయిన ప్రతివాడూ దోషి అవుతాడు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అప్పటికే రోడ్డు మీద మోటార్లు సైకిలు కంటే చాలా రెట్లు వేగంగా పోతున్నాయి. చివరికి అక్కడా దీపం గెలిచింది.

అదే దేశంలో అంతకుముందు, 1865లో, దీనికి పూర్తిగా తిరగేసిన చట్టం ఒకటి వచ్చింది. రోడ్డు మీద ఆవిరి యంత్రం నడపాలంటే దాని ముందు 60 గజాల దూరంలో ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలి. అప్పట్లో భయం ముందున్నవాడి గురించి, ముఖ్యంగా బెదిరే గుర్రాల గురించి. వెనకవాడి గురించి ఎవరికీ బెంగ లేదు. వెనక దీపం అవసరం వేగంలో తేడా వచ్చాకే పుట్టింది. ఎద్దుబండి కింద ఇరుసుకు వేలాడదీసిన లాంతరు ఎవరి కోసం? ఎక్కువగా బండివాడి కోసమే. దారి కనబడటానికి, అడవి దారిలో ధైర్యానికి. ఆ లాంతరును ట్రాక్టరు వచ్చాక వదిలేశాం. వేగం పెరిగిన రోజునే దీపం పోయింది. ఇది నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

లాంతరుతో పాటు మరొకటి కూడా వదిలేశాం. బ్రేకు.

ఎద్దుబండికి బ్రేకేమిటి అనకండి. దానికి ఎద్దే బ్రేకు. పల్లంలో బండి ముందుకు తోసుకొచ్చినప్పుడు ఎద్దులు కాళ్లు నిలదొక్కుకొని వెనక్కి వాలతాయి. బరువంతా కాడి మీదుగా మెడకీ కొమ్ములకీ తగులుతుంది. నిటారు పల్లమైతే బండి వెనక ఒక దుంగ కట్టి ఈడ్చుకుంటూ దిగేవాళ్లు, లేదా చక్రానికి కట్టె అడ్డం పెట్టి ఒరిపించేవాళ్లు. ఏం చేసినా చివరి భారం పశువుదే. బెంగళూరు ఐఐఎంకు మొదటి డైరెక్టరైన ఎన్.ఎస్. రామస్వామి ఈ ఎద్దుబండిని బాగుచేయడం కోసం ఏళ్ల తరబడి పనిచేశాడు. కాడి పశువు మెడను ఎలా కోస్తుందో చెప్పి నలుగురి చేతా వినిపించాడు. మేనేజిమెంటు ప్రొఫెసరుకు బండితో పనేమిటని నవ్వినవాళ్లు ఉండే ఉంటారు.

మన జిల్లా పేరు ప్రపంచంలో ఎక్కువమందికి తెలిసింది ఆ ఎద్దు వల్లే, ఇది చాలామంది నెల్లూరు వాళ్లకే తెలియదు. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో అధిక భాగం 'నెలోరె' జాతి. అది మన ఒంగోలు జాతే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం కాబట్టి, దొరల పుస్తకాల్లో ఆ పశువు 'నెల్లూరు' పేరుతో ఎక్కింది, ఆ పేరుతోనే ఓడ ఎక్కింది. మనకు బండి లాగి, చేను దున్ని, పల్లంలో బ్రేకు వేసిన ఎద్దు అక్కడ ఏ బండీ లాగకుండా మేస్తోంది.

ట్రాక్టరు మన దేశంలో నిలదొక్కుకున్నది స్వాతంత్ర్యం తర్వాతే. ఫరీదాబాదులో ఐషర్ 1959లో దేశంలో తయారైన మొదటి ట్రాక్టరును బయటికి తెచ్చింది. మద్రాసులో 1960లో టాఫే, మాసీ ఫెర్గూసన్‌తో కలిసి మొదలైంది. మా వైపు ట్రాక్టరుకు మారుపేరు మాసీ. ఆ పేరులోని రెండో సగం హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు మెకానిక్కుది. తగిలింపు గురించి అతనంత ఆలోచించినవాడు మరొకడు లేడేమో.

1917లో ఫోర్డు కంపెనీ ఫోర్డ్‌సన్ అనే చవక ట్రాక్టరు తెచ్చింది. లక్షల్లో అమ్ముడుపోయింది. దానికో చెడ్డపేరు ఉండేది. వెనక కట్టిన నాగలి రాయికో వేరుకో తట్టుకొని ఆగిపోతే, ఇంజను మాత్రం ఆగదు. వెనక చక్రాలు కదలక, ట్రాక్టరు ముందు భాగం గాల్లోకి లేచి నడిపేవాడి మీదే వెల్లకిలా పడేది. చాలామంది అలా పోయారు. ఫెర్గూసన్ నాగలిని గొలుసుతో ఈడ్చే బండిలా కాకుండా, మూడు చోట్ల బిగించి ట్రాక్టరు ఒంట్లో భాగంలా చేశాడు. కింద రెండు చేతులు, పైన ఒకటి. నాగలి తట్టుకున్నప్పుడు పై చెయ్యి ట్రాక్టరు ముందు భాగాన్ని నేలకు అదుముతుంది. 1938లో హెన్రీ ఫోర్డుతో కేవలం చేతులు కలిపి, కాగితం లేకుండా ఒప్పందం చేసుకున్నాడు. 1939లో ఆ అమరికతో ట్రాక్టరు వచ్చింది. తర్వాత ఆ చేతుల ఒప్పందం కోర్టుకెక్కింది, అది వేరే కథ. ఈరోజు మా ఊరి ట్రాక్టరు వెనక ఉన్న మూడు చేతులు అవే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బురదలో దిగబడిన తొట్టిని లాగడానికి మా ఊళ్లో ఇప్పటికీ గొలుసును ఆ పై చేతికి కడతారు. పైన కడితే పట్టు ఎక్కువ అనుకుంటారు. ఫెర్గూసన్ ఏ చావునైతే తప్పించాడో, సరిగ్గా ఆ చావునే గొలుసు వేసి పిలుచుకోవడం అది. లాగే బిందువు వెనక ఇరుసు కంటే పైన ఉంటే ట్రాక్టరు లేస్తుంది. కింద, లాగుడు పట్టీకే కట్టాలి. ఆ మాట ఊళ్లో చెప్పబోతే మా చిన్నాయన, "నువ్వు హైదరాబాదులో కంప్యూటరు తోలుకో అబ్బయా, ఇక్కడ మేం చూసుకుంటాం" అన్నాడు. ఆయన ముప్పై ఏళ్లుగా పైనే కడుతున్నాడు, ఏమీ కాలేదు. కానివాళ్లే మనకు చెప్పడానికి మిగులుతారు.

తొట్టి బ్రేకు విషయానికి వస్తే, లెక్క చాలా సులువు, అందుకే భయం. మామూలు 40 హెచ్‌పీ ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులు. కట్టెలో ఇటుకలో నింపిన తొట్టి దానికి రెట్టింపు దాటుతుంది. బ్రేకులు మాత్రం ట్రాక్టరు వెనక రెండు చక్రాలకే. అంటే రెండు టన్నులవాడు తన వెనక నాలుగైదు టన్నులవాణ్ని ఆపాలి. ఎత్తు మీద లాగడం కష్టం అనుకుంటాం, నిజానికి అక్కడ ఇంజను ఉంది. పల్లంలో ఏముంది? ఎద్దు కూడా లేదు. గట్టిగా బ్రేకు తొక్కితే తొట్టి ఆగదు. ట్రాక్టరును వెనక నుంచి నెట్టి పక్కకు తిప్పేస్తుంది, చాకు మడత పడ్డట్టు.

బద్వేలు వైపు నుంచి కొండ దిగేటప్పుడు డీజిలు కలిసొస్తుందని న్యూట్రలు కొట్టేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూశాను. ఇంజను పట్టు కూడా వదిలేసుకోవడం అది. ఎత్తు ఏ గేరులో ఎక్కుతామో పల్లం ఆ గేరులోనే దిగాలని, అదీ దిగక ముందే వేసుకోవాలని పాత డ్రైవర్లు చెప్పేవారు. ఇంకొకటి. ట్రాక్టరుకు బ్రేకు పెడళ్లు రెండు, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. చేలో సాలు చివర చటుక్కున తిరగడానికి అలా పెట్టారు. రోడ్డెక్కితే రెంటినీ కలిపే కొక్కెం ఒకటి ఉంటుంది, అది వెయ్యాలి. వేయకపోతే తొందరలో ఒక్క పెడలే తొక్కి, ఒక్క చక్రమే ఆగి, బండి గిర్రున తిరుగుతుంది. మా ట్రాక్టరు కొక్కెం తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. ఎన్నేళ్లుగా వేయలేదో నాయనకూ తెలియదు. కాస్త ఆయిలు పోసి సుత్తితో తట్టితే కదిలింది.

వెనకున్న బండికి సొంతంగా బ్రేకు ఉండాలన్న ఆలోచన రైళ్లది. 1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. అందులో ఇంజను నుంచి గాలి వస్తేనే పెట్టెల బ్రేకులు పడతాయి. గొట్టం తెగితే? బ్రేకు ఉండదు, సరిగ్గా అవసరమైనప్పుడే. రెండుమూడేళ్లలో ఆయన దాన్ని తిరగేశాడు. గొట్టంలో గాలి ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది, గాలి పోతే బ్రేకు పడుతుంది. పెట్టె తెగిపోతే దానంతటదే ఆగుతుంది. నా మట్టుకు గత రెండు వందల ఏళ్ల యంత్రాల చరిత్రలో ఇంత మర్యాద గల ఆలోచన మరొకటి లేదు. పాడైతే మనిషి వైపు పాడవ్వాలి.

తొట్టికి అంత అక్కర్లేదు. తోపుడు బ్రేకు అని ఒకటి దొరుకుతుంది. ట్రాక్టరు నెమ్మదించినప్పుడు తొట్టి ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుతోనే లాగుడు కమ్మీ లోపలికి జరిగి, రాడ్డు ద్వారా తొట్టి చక్రాల బ్రేకును లాగుతుంది. తొట్టి ఎంత తోస్తే అంత బ్రేకు. దాంతోపాటు ఒక తీగ ట్రాక్టరుకు కడతారు, కొక్కెం ఊడిపోతే ఆ తీగ బ్రేకును లాగి తెగుతుంది. ట్రాక్టరు హైడ్రాలిక్కుతో పనిచేసేవీ ఉన్నాయి. ఆత్మకూరులో వెల్డింగు మేస్త్రిని అడిగితే, "ఇరుసే మార్చాల. డ్రమ్ములు లేని ఇరుసుకు బ్రేకు యాడ పెట్టేది?" అన్నాడు. తొట్లు చేసేది ట్రాక్టరు కంపెనీలు కాదు, ఇలాంటి మేస్త్రీలే. రైతు అడిగిన కొలతకు, ఇచ్చిన డబ్బుకు చేస్తారు. బ్రేకు కావాలని అడిగినవాడు లేడు కాబట్టి బ్రేకు లేదు. మేస్త్రిని అనడానికి ఏమీ లేదు.

మరి చట్టం? 1988 మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన 1989 కేంద్ర నియమావళిలో వ్యవసాయ ట్రైలరుకు విడిగా నిర్వచనం ఉంది. సాధారణంగా పైన కప్పు లేకుండా, ఒకటో రెండో ఇరుసులతో, వ్యవసాయ ట్రాక్టరుకు తగిలించేది, ఎక్కువగా వ్యవసాయ సామగ్రి మోసేది. సామగ్రి. మనుషులన్న మాట అందులో లేదు.

కోర్టుల్లో ఈ తొట్టి చాలా తిరిగింది. ట్రాక్టరు లైసెన్సు ఉన్నవాడు తొట్టి తగిలిస్తే ఆ లైసెన్సు చెల్లదని బీమా కంపెనీ వాదిస్తే, అలా కాదని సుప్రీంకోర్టు 2001లో నాగశెట్టి కేసులో చెప్పింది. 2007లో బ్రిజ్‌మోహన్ కేసు వచ్చింది. ఇటుక బట్టీకి మట్టి తోలే తొట్టిలో ఎక్కిన కూలీ గాయపడ్డాడు. వ్యవసాయం కోసం చేసిన బీమా దానికి వర్తించదని కోర్టు తేల్చింది. అయినా, ఆ మనిషి పేదరికం చూసి తన ప్రత్యేక అధికారంతో, ముందు కంపెనీని చెల్లించమని, ఆ డబ్బు యజమాని దగ్గర రాబట్టుకోమని చెప్పింది. అతనికి దక్కినది దయ, హక్కు కాదు.

2018 జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర పత్తి చేలకు కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. తొట్టి కింద ఇరుక్కుని 15 మంది చనిపోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. మా అమ్మ నడుముకు కొంగు బిగించి తొట్టి అంచు పట్టుకొని ఎక్కే తీరు గుర్తొచ్చింది. పక్కనున్న మనిషి చెయ్యి అందుకోవడం, ఎక్కినాక నిలబడే ప్రయాణం చేయడం, కూర్చుంటే ఎగిరెగిరి పడతామని. మా తొట్టిలోనూ వాళ్లు అలాగే నిలబడి వస్తారు. ఆటో పెడితే కూలి కంటే ఆటో ఖర్చు ఎక్కువంటారు. నిజమే అంటారు వాళ్లూ. నేను దీనికి ఇంకా జవాబు కనుక్కోలేదు.

ఆత్మకూరులో చివరికి రెండు వెనక దీపాలు కొన్నాం. ఒక్కోదానిలో దారి దీపం, బ్రేకు దీపం, సిగ్నలు ఉన్నాయి. ఎల్ఈడీవి తీసుకుందామంటే అంగడి కుర్రాడే నిజాయితీగా హెచ్చరించాడు. పాత ట్రాక్టరులో సిగ్నలు టకటకలాడించే డబ్బా బల్బు లాగే కరెంటును బట్టి కొట్టుకుంటుంది, ఎల్ఈడీ తక్కువ లాగితే అది పిచ్చిగా కొట్టుకుంటుంది, ఆ డబ్బా కూడా మార్చాలి. మార్చాం. ఎల్ఈడీ అయితే గుంతల రోడ్డుకు తీగ తెగదు. దీపాల మీదికి ఇనుప జాలీ చేయించాం, లేకపోతే కట్టెలు దించిన మొదటి రోజే పగులుతాయి. ఏడు కాళ్ల సాకెట్టు తెచ్చాం. దానికి ఐఎస్ఓ 1724 అని అంతర్జాతీయ కొలత ఉంది. పసుపు తీగ ఎడమ సిగ్నలు, ఆకుపచ్చ కుడి సిగ్నలు, ఎరుపు బ్రేకు, తెలుపు ఎర్తు. మేము కొన్న వైరు చుట్టలో ఉన్నది మూడు రంగులే, కాబట్టి ఐఎస్ఓకు అక్కడే నమస్కారం పెట్టి, కొసలకు ప్లాస్టరు చుట్టి పేర్లు రాసుకున్నాను.

ఎర్తు దగ్గర నాయనతో వాదన అయింది. "ఇనుము ఇనుముకు తగులుతా ఉంటే ఇంకా ఎర్తెందుకు?" అన్నాడు. తొట్టి, ట్రాక్టరు తగిలేది ఒక్క పిన్ను దగ్గర. అక్కడ గ్రీజు, తుప్పు, దుమ్ము. కదిలినప్పుడల్లా కరెంటు వచ్చీ పోయీ దీపాలు మిణుకుమంటాయి. అప్పుడు కరెంటు దొంగదారి వెతుక్కుంటుంది, బ్రేకు తొక్కితే సిగ్నలు వెలుగుతుంది. పిన్ను మీదుగా వేసి చూపించాను. సరిగ్గా అలాగే వెలిగింది. నాయన ఏమీ అనకుండా తెల్ల తీగ అందించాడు.

పిన్ను కూడా మార్చాం. పాతది మధ్యలో అరిగి నడుము సన్నబడి ఉంది. ఎద్దుబండికి చక్రం ఊడకుండా కడచీల ఉన్నట్టు, ఈ పిన్నుకూ కింద ఒక చీల ఉండాలి. మాకు ఇన్నాళ్లూ అక్కడ వంచిన మేకు ఉంది. లాగుడు కమ్మీ కింద రెండు గొలుసులు, ఒకటి మీద ఒకటి అడ్డంగా వచ్చేట్టు కట్టాం. పిన్ను ఊడినా మూతి నేలకు పడి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాలలో పడుతుంది. తొట్టి చుట్టూ ఎర్ర పట్టీ కూడా అంటించాం. దాన్ని నేను రేడియమనే అడిగి తీసుకున్నాను, ఇంకో పేరు చెబితే అంగట్లో ఎవరికీ అర్థం కాదు.

బ్రేకు పెట్టలేదు. ఇరుసు మార్చే డబ్బు పొగాకు వేలం అయ్యాక చూద్దామన్నాడు నాయన.

చీకటి పడ్డాక తొట్టిని మా వీధి చివర నిలిపి, ఇంజను ఆన్ చేసి, నేను రోడ్డెంబడి వెనక్కి నడిచాను. ఎంత దూరం కనబడుతుందో చూద్దామని. చింతచెట్టు దాటాను, కల్వర్టు దాటాను, మలుపు దాకా పోయినా రెండు ఎర్ర చుక్కలు కనబడుతూనే ఉన్నాయి. ఫోను మోగింది.

"కనబడతా ఉండాదా?" నాయన.

"కనబడతా ఉండాది నాయనా."

కాసేపు ఏమీ అనలేదు. ఇంజను చప్పుడు వినబడుతోంది.

"ఆయన తగిలినప్పుడు మన తొట్టికి నువ్వుండే కాడ నుంచి ఎంత దూరం ఉంటాది?"

నేను మలుపు నుంచి తొట్టి వైపు చూశాను. ఆ రాత్రి అతను ఎక్కడ చూశాడో, ఎక్కడ తప్పించుకోబోయాడో ఎవరికీ తెలియదు. అడుగులు లెక్కపెడుతూ తిరిగి రావడం మొదలుపెట్టాను.